ఓడల ఆటకి కొత్త కార్డు

లెబనాన్ దేశంలో ట్రిపోలీ పట్నం. అజ్మీ వీధిలో కంప్యూటర్ విడిభాగాలు అమ్మే షుక్రీ కొట్టు. మధ్యాహ్నం, బేరాలు పలచబడ్డ వేళ, అతని చిన్ననాటి స్నేహితుడు వజ్దీ కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు.

“ఆ పెట్టె అక్కడ పెట్టు వజ్దీ. పైన మంటలు, పులులు వేశారని మోసపోకు. లోపల ఏముందో ముందు చెప్తాను, విను.”

“పులుల కోసం రాలేదు షుక్రీ, కార్డు కోసం వచ్చాను. ధర నీ గోడ మీదే చూశాను. ఇచ్చెయ్యి, పోతాను.”

“ఇచ్చెయ్యి, పోతాను! కిలో చిక్కుడు గింజలు కొంటున్నావా? ఆటల్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు రా ఇది. కూర్చో. ఆ స్టూలు లాక్కో. కాఫీ చెప్పనా?”

“వద్దు. తాగే వచ్చాను.”

“ఎక్కడ?”

“ఇంట్లో.”

“నువ్వు కాఫీ పెట్టుకోవడం కూడా మొదలెట్టావా?”

“కార్డు సంగతి చెప్పు.”

“చెప్తాను. నీ ఇంట్లో ఉన్నది నేనే బిగించాను, ఏడేళ్లయింది. ఈ సామాన్లకి ఏడేళ్లంటే ముసలితనమే, కాదనను. కానీ గట్టి సరుకు. మెమరీ ఆరు జీబీ, రెండు ఫ్యాన్లు. ఒక్కసారైనా నా దగ్గరికి రిపేరుకి వచ్చిందా?”

“రాలేదు.”

“రాదు కూడా. ఇక ఈ కొత్తది. పన్నెండు జీబీ, మూడు ఫ్యాన్లు. వేగం మూడింతలని పెట్టె మీద రాశారు. ఉన్నమాట చెప్తున్నా, రెండింతల దగ్గర ఆగుతుంది. మిగతాది గారడీ.”

“ఏం గారడీ?”

“గీసిన బొమ్మకీ బొమ్మకీ మధ్య, గీయని బొమ్మ ఒకటి తనే ఊహించి దూర్చేస్తుంది. చూసేవాడికి ఆట గడగడా పోతున్నట్టుంటుంది. సగం బొమ్మలు ఉత్తుత్తివే.”

“కంటికి తెలీదా?”

“మామూలు కంటికి తెలీదు. నీకు తెలుస్తుంది. పళ్ళ సెట్లు చేసేవాడివి, వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తావు. అందుకే అంటున్నా, ఇది నీకు నచ్చదు.”

“నచ్చుతుంది. కవర్లో పెట్టు.”

“ఆగు. మధ్యలో ఇంకోటుంది. ఇదిగో, నీదాని తరవాత వచ్చిన రకం. ఎనిమిది జీబీ. సెకండ్ హ్యాండ్. ధర ఈ కొత్తదాంట్లో సగం కూడా లేదు.”

“ఎవరు వాడింది?”

“కొండ మీద ఊళ్ళో ఒకాయన.”

“ఆటలకేనా?”

“ఆటలకి కాదు… అదే, కంప్యూటర్లతో బిట్‌కాయిన్ లాంటివి తవ్వుతారు చూడు.”

“ఎన్నాళ్లు తవ్వాడు?”

“కొన్నాళ్లు.”

“రాత్రీ పగలూనా?”

“అది ఆపితే లాభం ఏముంటుంది? రాత్రీ పగలూనే.”

“అలా మండి మండి మాడిపోయిన సరుకు నాకు అంటగడతావా?”

“అంటగట్టడం లేదే! ఇది కూడా కొనొద్దనే చెప్తున్నా.”

“అదీ వద్దు, ఇదీ వద్దు. కొట్టు పెట్టింది అమ్ముకోవడానికా, ఊళ్ళోవాళ్లకి చూపించడానికా?”

“నువ్వు ఊళ్ళోవాడివా? ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. నీకు అక్కర్లేనిది నీకు అమ్మితే నాకు అన్నం ఎలా దిగుతుంది?”

“దిగుతుందిలే. అమ్ము.”

“ఏం అక్కా? ఛార్జరా? ఎడమ వైపు, రెండో అర. అవి కాదు, వాటి పక్కవి. ఆ, అదే. తీసుకెళ్లక్కా, రేపు ఇద్దువులే డబ్బులు… ఏమంటున్నాం?”

“అమ్ము అంటున్నాను.”

“సరే, కరెంటు మాట చెప్పు. సర్కారు కరెంటు ఎలాగూ ఉండదు, వీధి జనరేటర్ వాడి దగ్గర ఎంత తీసుకుంటున్నావు? ఐదు ఆంపియర్లేగా?”

“రెండున్నర.”

“ఐదు ఉండేది కదా మీకు.”

“ఒక్కడికి ఐదెందుకని తగ్గించుకున్నాను.”

“చూశావా మరి! రెండున్నర ఆంపియర్ల మీద ఈ రాకాసిని ఎలా పోషిస్తావు? అటు ఫ్రిజ్ మొదలవుతుంది, ఇటు నువ్వు ఆటలో ఉంటావు, టప్పుమని ఇల్లంతా చీకటి. కింద జనరేటర్ కుర్రాడు బూతులు తిట్టుకుంటూ వచ్చి మళ్లీ స్విచ్చి ఎత్తాలి.”

“ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తాను.”

“ఫ్రిజ్ పీకేసి ఆట ఆడతావా?”

“ఏముంది అందులో? రెండు నిమ్మకాయలు. ఆస్పత్రి మందు సీసా ఒకటి.”

“మందా? నీకేమైంది?”

“నాకేం కాలేదు. ఇల్హామ్‌ది. తలుపు అరలో అలాగే ఉంది. తీయలేదు.”

“దేవుడు ఆమెను కరుణించుగాక. మంచి ఇల్లాలు.”

“కరుణించుగాక. పట్టదని కూడా అంటావేమో, టేపు పెట్టి కొలిచే వచ్చాను. నా కంప్యూటర్ డబ్బాలో దూరాక ఇంకా వేలెడు జాగా మిగుల్తుంది.”

“పట్టినంత మాత్రాన అయిపోదు. నీ పవర్ సప్లై దీన్ని మోయలేదు.”

“పవర్ సప్లై కూడా ఇవ్వు.”

“నీ ప్రాసెసర్ పాతది. కార్డు ఎంత పరిగెత్తినా అది వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది.”

“ప్రాసెసర్ కూడా ఇవ్వు.”

“అప్పుడు బోర్డు మార్చాలి నాయనా.”

“బోర్డూ ఇవ్వు.”

“ఇంకేం మిగిలింది? డబ్బా ఒక్కటీ ఇంటికెళ్లి తెచ్చుకుంటావా?”

“డబ్బా కూడా నువ్వే ఇవ్వు.”

“ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? లేకపోతే నన్ను ఆటపట్టిస్తున్నావా?”

“నేను ఆటపట్టించడం లేదు. కొంటానంటున్నాను. ఊరంతా తిరిగినా, కొంటానంటే వద్దనే కొట్టువాడు నువ్వొక్కడివే.”

“నా మాట విను. వచ్చే నెలాఖరుకి ఇంకో కొత్త రకం దిగుతోంది. అప్పుడు దీని ధర ఇలా పడిపోతుంది. ఈలోపల నీ పాతది తీసుకురా. దుమ్ము దులిపి, కింద ఎండిపోయిన, వేడి లాగే పేస్టు గీకేసి కొత్తది రాసిస్తాను. చల్లగా, పెళ్ళికొడుకులా నడుస్తుంది.”

“నడిస్తే ఏం లాభం? ఓడల ఆట నడవదుగా దాని మీద.”

“ఓడల ఆటా?”

“నడవదన్నావుగా నువ్వే.”

“అన్నాను.”

“రంజాన్‌కి ముందు. ఇక్కడే, ఈ కౌంటర్ దగ్గరే అన్నావు. ‘మన బడి బ్యాచి అందరం ఓడల ఆటలోకి మారుతున్నాం వజ్దీ, నీ కార్డు చాలదు, పాపం’ అన్నావు.”

“ఆ… అన్నాను. మరి ఆ ఆట అలాంటిది. నీళ్లు, అలలు, పొగమంచు. అన్నీ గీయాలి కదా.”

“అందుకే ఇంతకాలం ఆగాను. ట్యాంకుల ఆటే తెరిచి కూర్చుంటున్నాను సాయంత్రాలు. షెడ్డులో నా ట్యాంకు ఒక్కటే ఉంటుంది. హైసమ్ పేరు పక్కన, ఆన్‌లైన్‌లో లేడని బూడిదరంగు చుక్క. ముంజిర్ పేరు పక్కన బూడిదరంగు చుక్క. నీ పేరు పక్కనా అంతే. ఎవరిదైనా పచ్చగా మారుతుందేమోనని కాసేపు చూసి కట్టేస్తాను.”

“కొత్తవాళ్లతో ఆడొచ్చుగా.”

“ఆడాను. అందరూ పిల్లకాయలు. నేను కొంచెం నెమ్మదిగా మలుపు తిప్పితే మా అమ్మని తిట్టారు. పోనీలే అని ఊరుకున్నాను. మర్నాడు నాతో మాట్లాడతారేమోనని మళ్లీ వెళ్లాను. రాలేదు వాళ్లు.”

“తిట్టిన వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లావా?”

“గొంతులు పరిచయం అయ్యాయి కదా.”

“…నువ్వు ఇంటికి రా ఈ శుక్రవారం. మా ఆవిడ హనా మలూఖియా కూర చేస్తుంది. పిల్లలు కూడా అడుగుతున్నారు, వజ్దీ మామయ్య రావడం లేదేమని.”

“రంజాన్‌లో కూడా అన్నావు.”

“అప్పుడు మా మావగారికి ఒంట్లో బాగోలేక…”

“తెలుసు. తప్పు పట్టడం లేదు. నీ ఫోన్ మోగుతోంది.”

“మోగనీ.”

“ఎత్తు, బేరమేమో.”

“హలో… ఆ… ఇప్పుడు కాదు, కొట్లో ఉన్నాను… ఆ, రాత్రికే… వాడికీ చెప్పు… సరే సరే, పెట్టెయ్.”

“ఎవరు?”

“బేరూత్ నుంచి. సరుకు పంపేవాడు.”

“రాత్రికి పంపుతాడా సరుకు?”

“లారీ… రాత్రికి బయల్దేరుతుంది.”

“హైసమ్ ఎలా ఉన్నాడు?”

“హైసమా? ఉన్నట్టుండి హైసమ్ ఎందుకు గుర్తొచ్చాడు?”

“ఊరికే.”

“బాగానే ఉంటాడు. అక్కడ ఆఫ్రికాలో, అబిజాన్‌లో వానలట. వాడి గోదాంలోకి నీళ్లొచ్చాయట.”

“నా గురించి అడిగాడా?”

“అడక్కుండా ఎలా ఉంటాడు? ఎప్పుడూ అడుగుతాడు.”

“ఏమని?”

“ఏమనేముంది? వజ్దీ ఎలా ఉన్నాడు అని.”

“నువ్వేమంటావు?”

“బాగున్నాడంటాను.”

“నీకెలా తెలుసు?”

“అదేం ప్రశ్నరా?”

“కోపంగా అడగడం లేదు షుక్రీ. మూడు వీధుల అవతలే ఉంటాను కదా, ఎవరైనా చెప్పారేమోనని.”

“కాఫీ చెప్తాను. వద్దనకు. ఒరేయ్ కాఫీ కుర్రాడా, రెండు కాఫీలు పంపు ఇటు! ఒకటి చక్కెర లేకుండా… నువ్వు చక్కెర లేకుండానేగా?”

“ఇల్హామ్ ఉన్నప్పుడు చక్కెర వద్దనేది. ఇప్పుడు ఎలాగైనా తాగుతాను.”

“రెండూ మామూలుగానే పంపు!… కూర్చోరా, నిలబడే ఉన్నావు.”

“ఆ ఓడ మీదికి నలుగురు ఎక్కుతారట కదా?”

“నలుగురు ఎక్కుతారు.”

“మీరు ముగ్గురే మరి. నాలుగో చోటు ఎవరికిచ్చారు?”

“ఎవరికీ ఇవ్వలేదు. ఖాళీగానే ఉంది.”

“నిజంగా?”

“నా పిల్లల మీద ఒట్టు. ముంజిర్ వాళ్ల ఆఫీసులో కువైట్ వాడొకడు వస్తానన్నాడు. వద్దన్నాం.”

“ఎవరు వద్దన్నారు?”

“ముగ్గురం అన్నాం.”

“మరి తెరచాపలు ఎవరు చూస్తున్నారు?”

“ఎవరూ చూడరు. హైసమే ఫిరంగి వదిలేసి తెరచాప దగ్గరికి, తెరచాప వదిలేసి ఫిరంగి దగ్గరికి, కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. మొన్న ఒకసారి నిలువునా మునిగిపోయాం.”

“ఎలా?”

“ముంజిర్ చుక్కాని పట్టుకుని నిద్రపోయాడు. నేరుగా కొండ. నేను అరుస్తున్నాను, హైసమ్ అరుస్తున్నాడు, వాడు గురక.”

“వాడు ట్యాంకులో కూడా నిద్రపోయేవాడు!”

“ట్యాంకులో ఏమిటి, పదో తరగతి పరీక్షలో నిద్రపోయాడు. మాస్టారు లేపితే ‘అమ్మా, ఇంకో ఐదు నిమిషాలు’ అన్నాడు.”

“‘నేను మీ అమ్మనైతే పుట్టగానే పారేసేదాన్ని’ అన్నాడు మాస్టారు.”

“అబ్బా… ఎన్నాళ్లయిందిరా నువ్వు నవ్వగా విని.”

“ఇచ్చెయ్ షుక్రీ ఆ కార్డు. తెరచాపలు నేను చూసుకుంటాను. పనికొస్తాను మీకు.”

“పనికి రావడమేంటి…”

“మాట్లాడను కూడా. మైకు కట్టేసుకుని ఆడతాను కావాలంటే. మీ మాటలు వింటూ తాళ్లు లాగుతుంటాను. మీరు ఎప్పుడు ఆపేద్దామంటే అప్పుడు ఆపేస్తాను.”

“మైకు ఎందుకు కట్టేసుకోవడం?”

“ఊరికే.”

“ఎవరైనా ఏమైనా అన్నారా నీతో?”

“ఎవరంటారు? ఎవరు మాట్లాడుతున్నారు నాతో, అనడానికి? ఇదిగో డబ్బు. లెక్కపెట్టుకో, చాలకపోతే చెప్పు.”

“ఇంత డబ్బు ఎక్కడిది నీకు?”

“నాది కాదా?”

“వజ్దీ. ఎక్కడిది?”

“రెండో కొలిమి అమ్మాను.”

“ఏ కొలిమి? పళ్ళు కాల్చే కొలిమా?”

“రెండుండేవి కదా. ఒకటి నాది, ఒకటి ఇల్హామ్‌ది. పంటికి రంగు తనే వేసి కాల్చేది. తన చేతిలో నుంచి వచ్చిన పన్ను ఏదో, అసలు పన్ను ఏదో నేనే పోల్చుకోలేకపోయేవాణ్ణి. ఇప్పుడు అంత పని ఎక్కడుంది? మీనా పేటలో కొత్తగా పళ్ళ ల్యాబు పెట్టిన పిల్ల అడిగితే ఇచ్చేశాను.”

“ఇల్హామ్ కొలిమి అమ్మేశావా? ఈ… ఈ పులిబొమ్మ పెట్టె కోసమా?”

“కార్డు కోసం.”

“వెళ్లి తెచ్చుకో.”

“ఏంటి?”

“ఈ డబ్బు తీసుకెళ్లి ఆ పిల్లకిచ్చి, కొలిమి తెచ్చుకో. ఇప్పుడే. నేను బండి తీస్తాను, నాతో రా.”

“ఎందుకు తెచ్చుకోవాలి?”

“తెచ్చుకోమంటున్నాను.”

“కార్డు అమ్మవా నాకు?”

“అమ్మను.”

“కారణం చెప్పు.”

“కారణం… ఈ కార్డు కొత్తది, ఇంకా లోపాలు బయటపడలేదు, పైగా…”

“షుక్రీ.”

“నడుస్తుందిరా.”

“ఏది?”

“ఓడల ఆట. నీ పాత కార్డు మీద నడుస్తుంది. మొదట్నుంచీ నడుస్తుంది. నీకు ఏ కార్డూ అక్కర్లేదు.”

“…ఊఁ.”

“అబద్ధం చెప్పాను. హైసమ్ చెప్పమనలేదు, ముంజిర్ చెప్పమనలేదు. నేనే అన్నాను వాళ్లతో, కార్డు చాలదని నేను చెప్తే వజ్దీ నమ్ముతాడు, నా మాట కాదనడు అని.”

“ఎందుకు?”

“ఎందుకంటే ఏం చెప్పను?”

“చెప్పు. వింటాను.”

“నువ్వు మమ్మల్ని వెళ్లనిచ్చేవాడివి కాదు. ఇంకొక్క ఆట, ఇంకొక్కటే, ఇదే ఆఖరు అనేవాడివి. ముంజిర్ వెనక వాళ్ల పాప ఏడుస్తూ ఉండేది. హైసమ్ తెల్లారే గోదాం తెరవాలి. ఆట అయిపోయాక కూడా మైకు ఆపేవాడివి కాదు. నీ గిన్నె చప్పుడు, నీ కుళాయి చప్పుడు, నువ్వు ఒక్కడివే నములుతున్న చప్పుడు, అన్నీ మా చెవుల్లో పడేవి. మేం ఆపేస్తే నీకు మా పేర్లు ఆరిపోతాయని ఎవరం ముందు ఆపేవాళ్లం కాదు.”

“తెలీదు నాకు.”

“ఒకసారి అలాగే నిద్రపోయావు. నిద్రలో ఇల్హామ్‌ని పిలిచావు. తలుపు గడియ పెట్టావా అని అడిగావు. మళ్లీ అడిగావు. ముగ్గురం విన్నాం. ఎవరం నోరెత్తలేదు. మర్నాడు మళ్లీ ఆటలోకి వస్తే ముంజిర్‌కి జోక్ రాలేదు, నాకు రాలేదు. రోజంతా ఇక్కడ జనంతో, కరెంటుతో, అప్పులవాళ్లతో చచ్చి, ఆ కాసేపూ నవ్వుకుందామని వచ్చేవాళ్లం రా. అంతే. అంతకంటే ఏం లేదు. ఏం మనుషులమో చూడు.”

“మీ తప్పేముంది.”

“అలా అనకు. తిట్టు నన్ను. ఆ పెట్టెతో నెత్తి మీద ఒకటి వెయ్యి.”

“వారంటీ పోతుంది.”

“వజ్దీ…”

“నాకు తెలుసు షుక్రీ.”

“ఏం తెలుసు?”

“నడుస్తుందని. మొన్న ఆదివారం ఏమీ తోచక ఆ ఆట నేనే ఎక్కించి చూశాను. నీళ్లు కొంచెం మసకగా ఉన్నాయి, అంతకంటే లోటేం లేదు. ఆటలో, రేవు దగ్గర మీ ఓడ కనిపించింది. పైన మీ ముగ్గురి పేర్లు. దగ్గరికి నడుస్తుంటే మీ మాటలు కూడా వినపడ్డాయి. ముంజిర్ ఏదో అన్నాడు, మీరు పగలబడి నవ్వారు. ఆ రేవు గోదాము గోడ వెనక నిలబడి కాసేపు విని, కట్టేశాను.”

“తెలిసే వచ్చావా ఇక్కడికి?”

“ఆ.”

“అక్కర్లేదని తెలిసి, కొలిమి అమ్ముకుని మరీ కొనడానికి వచ్చావా? ఎందుకురా?”

“ఇది బిగించుకుని వస్తే, కొత్త కార్డు వల్లే నడిచిందనుకునేవాళ్లం కదా అందరం. మీలో ఎవరూ నాకు అబద్ధం చెప్పినట్టు ఉండేది కాదు.”